ఎనిమిది తలుపులకు ఆమోదిత పదజాలం

రాష్ట్ర స్థాయి సమీక్షా సమావేశంలో తెర మీద ఒక గేదె కనిపించడంతో ఈ వ్యవహారం మొదలయింది. గేదె తప్పేమీ లేదు. ఏదో ఊళ్లో బాలికల వసతి గృహం ముందు పిల్లలను వరుసగా నిలబెట్టి ఎవరో ఫోటో తీశారు. వారి వెనక ప్రహరీ గోడ కూలిపోయిన చోట అది నిలబడి నింపాదిగా నెమరు వేస్తున్నది. బాలికా వసతి శాఖ కమిషనరు గారు ఆ ఫోటోను చాలాసేపు చూశారు. గేదె లోపలికి వచ్చిందంటే గోడ కూలిందని అర్థం. గోడ కూలిందంటే కట్టించాలని అర్థం. సామాన్యులైతే అక్కడ ఆగిపోయేవారు. ఆయన మూలకారణం దాకా వెళ్లే మనిషి. ఫోటో తీయకపోయి ఉంటే గేదె కనిపించేది కాదు గనుక, లోపం ఫోటోలోనే ఉన్నదని తేల్చారు.

వారం తిరగకుండా అన్ని జిల్లాలకూ ఉత్తర్వు వెళ్లింది.

"ఇకమీదట వసతి గృహముల స్థితిగతులను కెమెరా ఫోటోల ద్వారా నివేదించరాదు. కెమెరా తన ఎదుట ఉన్న దానిని యథాతథముగా గ్రహించు స్వభావము కలది. శాఖ యొక్క ఆశయములను గ్రహించు శక్తి దానికి లేదు. కావున ప్రతి వసతి గృహ చిత్రమును జిల్లా కార్యాలయములోనే, కృత్రిమ మేధ సహాయమున, తగిన వర్ణనా పదములను ఎంపిక చేసి, తయారు చేయించవలెను."

సముద్రానికి పాతిక మైళ్ల దూరంలో ఉన్న ఆ జిల్లా కార్యాలయంలో ఉత్తర్వు చదివిన డిప్యూటీ డైరెక్టరు చక్రధరరావుగారు, 'పదములను ఎంపిక చేసి' అన్న చోట ఆకుపచ్చ సిరాతో గీత గీసి, సూపరింటెండెంటు గొర్లె సుభాషిణిని పిలిపించారు.

"సుభాషిణి గారూ, మీరు తెలుగు ఎమ్మే కదండీ?"

"అవును సార్. ముప్పై అయిదేళ్ల కిందటి మాట."

"విశేషణాలు పాతబడవు లెండి. ఈ రోజు నుంచి మాటలన్నీ మీ సీటుకే. ఏ హాస్టలుకి ఏ మాట వెయ్యాలో మీరు తేల్చాలి, యంత్రం బొమ్మ వెయ్యాలి, నేను సంతకం పెట్టాలి. ఎవరి పని వారిది."

"మంచిది సార్. తంగేడువలస హాస్టలు ఫైలు కూడా మీ సంతకానికే ఉంది. ఆ స్నానాల గదులు..."

"అదీ చూద్దాం. ముందు శిక్షణ అవనివ్వండి."

ఆ ఫైలులో ఉన్నది ఏడవ అర్జీ. తంగేడువలస బాలికల వసతి గృహం వార్డెను నీలవేణి, గుండ్రటి అక్షరాలతో, నాలుగే వాక్యాలు రాసింది. "మా హాస్టలులో ఎనిమిది స్నానాల గదులు ఉన్నవి. స్నానాల గదులకు తలుపులు లేవు. ప్రహరీ పక్కన ఎవరో మేడ కడుతున్నారు, పై అంతస్తులో రోజంతా పనివాళ్లు ఉంటున్నారు. ఇప్పటికి ఇద్దరు పెద్దపిల్లలు చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయారు." ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఇతరుల వాక్యాలను దిద్దుతూ వచ్చిన సుభాషిణికి ఆ నాలుగింటిలో దిద్దడానికి ఏమీ కనిపించలేదు. ప్రభుత్వ కాగితాల్లో అటువంటివి అరుదు గనుక ఆమె ఆ అర్జీని సొరుగులో కాకుండా బల్ల మీదే ఉంచుకునేది.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి శశిభూషణ్ అనే సలహాదారు వచ్చాడు. నలభై దాటిన మనిషి. 'పద వ్యూహకర్త' అని ఆయన కార్డు మీద అచ్చయి ఉంది. సమావేశ మందిరంలో తెర దించి, పట్టిక ఒకటి చూపించాడు. ఎడమ వైపు చేర్పు పదాలు, అంటే బొమ్మలోకి రావలసినవి: స్వర్ణకాంతి, అతి స్పష్టమైన, మెరిసే, చిరునవ్వులు చిందించే, బహుమతి పొందిన. కుడి వైపు నిషేధ పదాలు, అంటే బొమ్మలోకి రాకూడనివి: మరక, పగులు, బురద, తుప్పు, గేదె.

"చూడండి సార్," అని ఆయన యంత్రానికి 'హాస్టలు' అన్న ఒక్క మాట ఇచ్చాడు. తెర మీద ఒక దిగులు భవనం వెలిసింది. దానికి 'స్వర్ణకాంతి' చేర్చగానే భవనానికి రంగు వచ్చింది. 'బహుమతి పొందిన' అని చేర్చేసరికి ముందు ఒక ఫౌంటెను లేచింది.

చక్రధరరావుగారు కుర్చీలోంచి సగం లేచారు. "ఇన్నాళ్లూ మన శాఖలో లోపించింది విశేషణమేనన్నమాట!"

"అంతే సార్. ఇన్‌పుట్ బాగుంటే అవుట్‌పుట్ బాగుంటుంది. ఇంకో ముఖ్య విషయం. యంత్రానికి 'లేదు' అన్నది అర్థం కాదు. గదిలో ఏనుగు లేదు అని రాశారనుకోండి, గది మధ్య ఏనుగును నిలబెట్టి ఇస్తుంది. అది వస్తువు పేరు మాత్రమే పట్టుకుంటుంది."

"అంటే 'లేదు' అన్న మాటే దానికి లేదు."

"అద్భుతంగా చెప్పారు సార్."

చక్రధరరావుగారు ఈ విషయాన్ని ఒక నిమిషం ఆస్వాదించారు. తర్వాత సుభాషిణి చేతిలోని కాగితం వైపు చెయ్యి చాపారు. "ఇదిగో, ఒక నిజమైన అర్జీ ఇచ్చి చూద్దాం. యంత్రం ఏమంటుందో."

సలహాదారు నీలవేణి వాక్యాలలో మొదటి రెండింటిని ఉన్నవి ఉన్నట్టు యంత్రానికి ఇచ్చి, రుచి కోసం 'మెరిసే' చేర్చాడు. యంత్రం క్షణం ఆలోచించింది. తెర మీద పాలరాతి వరండా, దాని వెంబడి ఎనిమిది తలుపులు ప్రత్యక్షమయ్యాయి. టేకు రంగు తలుపులు. ఎనిమిదీ మూసి ఉన్నాయి. ఎనిమిదీ మెరుస్తున్నాయి.

మందిరంలో చప్పట్లు మోగాయి. సుభాషిణి లేచి నిలబడింది.

"సార్, ఆవిడ తలుపులు లేవని రాసింది."

"రాసింది. యంత్రం పరిశీలించింది. ఉన్నాయని తేల్చింది," అన్నారు చక్రధరరావుగారు. "మనిషి చెప్పిన మాటకు పక్షపాతం ఉంటుందండీ. యంత్రానికి ఏం పక్షపాతం?" అని, బొమ్మను రంగుల్లో అచ్చు తీయించి, దాని కింద ఆకుపచ్చ సిరాతో రాశారు: "అర్జీ పరిష్కరింపబడినది. చిత్రములో తలుపులు గలవు." మర్నాడే మరో ఆదేశం వెలువడింది. యంత్రం గ్రహించలేని 'లేదు', 'లేవు', 'లేరు' అన్న మాటలనూ, పట్టికలోని నిషేధ పదాలనూ ఇక శాఖలో ఎవరూ ఉత్తర ప్రత్యుత్తరాలలో వాడరాదు. దాంతో ఆ వారం జిల్లాలోని వసతి గృహాల కప్పులు కారడం, గోడలు పగలడం, కుళాయిలు తుప్పు పట్టడం పూర్తిగా ఆగిపోయాయి.

సుభాషిణికి ఇక మిగిలింది తన పని. ముప్పై నాలుగు వసతి గృహాలకు ముప్పై నాలుగు చిత్రాలు. ఆమె మాటను తూచి వాడే మనిషి. 'రాజసౌధం వంటి', 'స్వర్గతుల్యమైన' అన్న సూచనలను కొట్టేసింది. తంగేడువలస వంతు వచ్చినప్పుడు, అబద్ధం తక్కువగా ఉండే మాట కోసం సగం రోజు వెతికి, చివరకు 'విశాలమైన' అని ఒకటే రాసింది. పడక హాలు పొడుగు నిజంగానే ఎక్కువ. ఎవరికీ హాని చేయని మాట అనుకుంది.

యంత్రం విశాలమైన హాలు వేసింది. హాలు విశాలంగా కనిపించాలంటే నేల కనిపించాలి. నేల కనిపించాలంటే మనుషులు తగ్గాలి. యంత్రం తగ్గించింది. బొమ్మకు సంతకం పడింది, నకలు తంగేడువలసకు వెళ్లింది, దాని వెనకే 'చిత్రానుగుణ్యతా తనిఖీ' బృందం వెళ్లింది. చిత్రానికి అనుగుణంగా వసతి గృహం ఉన్నదా లేదా అని చూసే బృందం అది. ఇద్దరు ఉద్యోగులు బొమ్మను గోడకు ఆనించి, బొమ్మలో తలలు లెక్కపెట్టారు, తర్వాత హాల్లో తలలు లెక్కపెట్టారు.

నాలుగో నాడు నీలవేణి ఫోను చేసింది.

"మేడమ్ గారూ, నమస్కారమండీ. మా పిల్లలు బొమ్మలో నలభై ఒక్కరే ఉన్నారటండి. హాస్టల్లో అరవై ముగ్గురున్నారు. మిగతా ఇరవై ఇద్దరూ చిత్రానికి అదనం అని రాసుకెళ్లిపోయారు. ఈ వారం బియ్యం నలభై ఒక్కరికే వచ్చినాయి."

"అదేమిటి నీలవేణీ? హాజరు పట్టీ చూపించలేదూ?"

"చూపించానండి. పట్టీ పాత పద్ధతి అన్నారు. ఆ బొమ్మలో పిల్లలకి చేతికి ఆరేసి వేళ్లున్నాయి మేడమ్ గారూ, అది కూడా చూపించాను. మీ పిల్లలకి ఎందుకు తక్కువున్నాయి అని నన్నే అడిగారు. నాను ఏటి చెప్పాలండీ?"

సుభాషిణి ఫోను పెట్టేసింది. విశేషణం నామవాచకానికి గల గుణాన్ని తెలుపుతుందని ఆమె విశ్వవిద్యాలయంలో చదువుకుంది. నామవాచకాన్ని గదిలోంచి గెంటుతుందని ఏ గురువూ చెప్పలేదు. ఇరవై ఇద్దరు పిల్లల అన్నం ముద్ద దగ్గర బయలుదేరి, బియ్యం బస్తా, తనిఖీ నివేదిక, సంతకం, బొమ్మ అంటూ ఒక్కొక్క మెట్టే వెనక్కి నడిచి వస్తే, ఆ దారి తన కలం దగ్గరే ఆగింది. ఆమె సెలవు చీటీ రాసి, మొదటి బస్సుకు తంగేడువలస వెళ్లింది.

వసతి గృహం వరండాలో నల్లబల్ల ఒకటి వేలాడుతున్నది. దాని మీద తేదీ, హాజరు, వంటకం. ఆ కింద 'ఈ రోజు తలుపులు' అని శీర్షిక పెట్టి ఎనిమిది పేర్లు.

"ఇదేమిటమ్మా?" అని సుభాషిణి అడిగింది.

బల్ల పక్కన నిలబడ్డ పొడుగుపాటి పిల్ల, పదో తరగతి, నవ్వింది. పేరు పైడితల్లి. "తలుపు డ్యూటీ మేడమ్. ఒకరు తానం సేస్తంటే ఇంకొకరు దుప్పటి సాపి పట్టుకొని అడ్డంగా నిలబడతారు. నాను పొడుగు గదా, పక్క మేడ మీద నుంచి సూసినా కనబడదు. అందుకని వారానికి నాలుగు రోజులు నానే తలుపు."

"దీనికి గడియ కూడా ఉంది మేడమ్," అని వెనక నుంచి ఇంకో పిల్ల ఎత్తిపొడిచింది. "దుప్పటి అంచుకి రెండు జడపిన్నులు పెట్టుకుంటాది."

"నోర్ముయ్యే. నీకు రేపు తలుపు నాను కాను, సూసుకో."

పిల్లలంతా ఫక్కున నవ్వారు. నీలవేణి నవ్వలేదు. "పొద్దున్న చదువుకునే గంటన్నరా దీనికే పోతోందండీ. చీకటి విడవకముందే మొదలెట్టినా అరవై మంది అయ్యేసరికి బడి గంట కొట్టేస్తారు. లెక్కల్లో ఎప్పుడూ ఎనభై దాటే ఈ పిల్ల, మొన్న ముప్పై ఒకటి తెచ్చింది. వాళ్ల నాన్న వచ్చి చూసి వెళ్లాడు. మార్చిలో పరీక్షలు గదా, అందాకా ఉండనివ్వు బాబూ అన్నాను. నెలాఖరుకి తలుపులు పెడితే సరే, లేదంటే తీసుకుపోతాను, నా కూతుర్ని దుప్పటి పట్టుకోడానికి పంపలేదు అన్నాడు. ఆయన మాట తప్పనిపించలేదండీ నాకు."

పైడితల్లి అప్పటికి నవ్వడం మానేసి, బల్ల మీద తన పేరును చున్నీ కొంగుతో తుడుస్తున్నది, మళ్లీ రాయడానికి.

సుభాషిణి తిరుగు బస్సులో ఏ మాటలూ వెతకలేదు. తర్కం మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. నెలాఖరుకు పద్దెనిమిది రోజులు ఉన్నాయి. మర్నాడు ఉదయం చక్రధరరావుగారి ముందు, సంతకం పడిన తలుపుల బొమ్మను పెట్టింది.

"సార్, చిన్న సందేహం. తంగేడువలసలో ఈ చిత్రానికీ భవనానికీ తేడా ఉంది. చిత్రం తప్పా సార్, భవనం తప్పా?"

"చిత్రం తప్పెలా అవుతుందండీ? కింద నా సంతకం ఉంది."

"అయితే భవనం తప్పు."

"నిస్సందేహంగా."

"చిత్రానికి అనుగుణంగా లేని భవనాన్ని సరిదిద్దించే బాధ్యత మన ఇంజనీరింగు విభాగానిదని తనిఖీ నిబంధనల్లోనే ఉంది సార్. పిల్లలు చిత్రం కన్నా ఎక్కువైతే తగ్గించాం. తలుపులు చిత్రం కన్నా తక్కువైతే...?"

చక్రధరరావుగారు ఆమె ముఖం వంక అనుమానంగా చూశారు. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. తన సంతకం వంక చూసుకున్నారు. అందులో లోపం దొరకడం అంతకన్నా అసాధ్యం. "పెట్టించాలి," అన్నారు నీరసంగా.

"మరొక్కటి సార్. హాలు చిత్రంలో 'చిరునవ్వులు చిందించే' అన్న ఆమోదిత పదం పొరపాటున జారిపోయింది. అది చేర్చి, కొత్త చిత్రం సంతకానికి పెడతాను."

చిరునవ్వులు చిందాలంటే ముఖాలు కావాలి. యంత్రం విశాలతను పక్కన పెట్టి ముఖాలు పోసింది. మొదటిసారి నూట పన్నెండు మంది వచ్చారు. రెండోసారి యాభై. సుభాషిణి భూతద్దం పెట్టి లెక్కిస్తూ, మాటల వరుస అటూ ఇటూ మార్చి, పందొమ్మిదోసారి అరవై అయిదు దగ్గర ఆపింది. చదువు మానేసి వెళ్లిపోయిన ఇద్దరితో కలిపి అసలు సంఖ్య అంతే. చిత్రానికి ఇద్దరు బాలికలు తక్కువపడ్డారని తనిఖీ బృందం గగ్గోలు పెట్టింది. గృహ సందర్శనకు ఎన్నడూ కదలని శాఖ జీపు, మూడు మండలాలు తిరిగి ఆ ఇద్దరి తల్లిదండ్రులనూ బతిమాలుకుంది. స్నానాల గదులకు తలుపులు పెడుతున్నారన్న మాట మీద వాళ్లు పిల్లలను పంపారు. బియ్యం కూడా అరవై అయిదుగురికీ వచ్చింది.

నెలాఖరుకు నాలుగు రోజులు ఉందనగా అసిస్టెంటు ఇంజనీరు లింగమూర్తి సుభాషిణికి ఫోను చేశాడు. "మేడమ్, తంగేడువలస పని పూర్తి. ఎనిమిదికి ఎనిమిది. చిత్రానికి వెంట్రుకవాసి తేడా ఉంటే నా ఉద్యోగం మీకిచ్చేస్తాను."

గంటలోపే నీలవేణి ఫోను చేసింది. "మేడమ్ గారూ, తలుపులు పెట్టారండి. మీరొకసారి రావాలండి." ఆ గొంతు తలుపులు పెట్టించుకున్న మనిషి గొంతులా లేదు.

సుభాషిణి వెళ్లింది. వరండా వెంబడి ఎనిమిది తలుపులు. టేకు రంగు, నున్నటి చెక్క, మంచి పని. మూడో తలుపుకు పిడి నట్టనడుమ ఉంది, ఆరో దానికి రెండు పిడులు ఉన్నాయి; యంత్రం అలాగే వేసింది. అన్నీ మూసి ఉన్నాయి. ఆమె మొదటిదాన్ని తోసింది. కదలలేదు. లాగింది. కదలలేదు. చౌకట్టు చుట్టూ జానెడుకొక మేకు చొప్పున దిగగొట్టి ఉంది.

అక్కడే ఉన్న లింగమూర్తి బొమ్మ విప్పి చూపించాడు. "చిత్రంలో మూసి ఉన్నాయి కదా మేడమ్. మూశాం."

"బందులేవి లింగమూర్తిగారూ? బందులు వేయకపోతే తలుపు ఎలా తిరుగుతుంది?"

"బందులు చిత్రంలో ఎక్కడున్నాయో చూపించండి, వేయిస్తాను. కనిపించనిది వేస్తే రేపు ఆడిట్ వాళ్లు నన్ను వేస్తారు."

"లోపలి వైపు గడియ?"

"లోపలి వైపు చిత్రమే లేదు కదండీ," అన్నాడాయన, ఆమె అజ్ఞానానికి జాలిపడుతూ. అన్న తర్వాత, నిషేధ పదం వాడినందుకు నాలుక కరచుకుని, అటూ ఇటూ చూశాడు.

పైడితల్లి దుప్పటి భుజాన వేసుకుని వచ్చి నిలబడింది. "నిన్న మొన్నటిదాకా తలుపు లేకపోయినా గదుండీది మేడమ్. ఇప్పుడు తలుపుంది గానీ గది పోయింది. నాన్న ఆదివారం వస్తానన్నాడు. ఇది సూపించమంటారా?"

సుభాషిణి మెట్ల మీద కూర్చుంది. 'మూసిన' అన్న మాట యంత్రం తనంత తాను చేర్చుకున్నది. ఆ స్థానంలో 'తెరిచిన' అని ఇస్తే, తెరిచిన తలుపుల బొమ్మ వస్తుంది. లింగమూర్తి వాటిని తెరిచి, గోడకు మేకులు కొడతాడు. 'సగం తెరిచిన' అంటే సగంలో కొడతాడు. ముప్పై అయిదేళ్ల కిందటి చదువునంతా తిరగేసినా, తెరుచుకుని మూసుకునే తలుపుకు సరిపడే మాట ఆమెకు తోచలేదు. మాట తక్కువై కాదు. తలుపు అన్నది తెరిచి ఉన్న వస్తువూ కాదు, మూసి ఉన్న వస్తువూ కాదు. అది లోపలున్న మనిషి ఇష్టం మీద నడిచేది. బొమ్మలో లోపలి మనిషి ఉండదు. ఇష్టం అసలే ఉండదు. శాఖ యాభై ఏళ్లుగా నివేదికల్లో మాటలతో వేస్తున్న బొమ్మలన్నీ అటువంటివేనని, వాటిలో కొన్నింటి కింద తన చేతిరాత కూడా ఉన్నదని ఆమెకు ఆ మెట్ల మీద తట్టింది.

"ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టుందా?" అని అడిగింది.

"ఉందండీ, సెంటర్లో," అంది నీలవేణి.

పదహారు మడత బందులు, ఎనిమిది గడియలు, మేకులు పీకే కడ్డీలు రెండు సుభాషిణి కొనుక్కొచ్చింది. ఆ మధ్యాహ్నం లింగమూర్తి జీపు మలుపు తిరగగానే పిల్లలు తలుపుల మీద పడ్డారు. చిన్నపిల్లలు మేకులు ఏరి డబ్బాలో వేశారు. బందులు బిగించడం మాత్రం ఎవరికీ చేతకాలేదు. నీలవేణి ఒక నిమిషం తటపటాయించి, బల్ల ఎక్కి, గోడ అవతలి మేడ వైపు తిరిగి కేక వేసింది. "ఓ బాబూ! మీలో వడ్రంగి ఎవరైనా ఉన్నారేటి?"

పై అంతస్తు నుంచి తల నెరిసిన మనిషి ఒకాయన దిగి వచ్చాడు. ఎనిమిది చౌకట్లనూ, పిల్లల చేతుల్లోని దుప్పట్లనూ చూశాడు. "ఇన్నాళ్లూ ఈ దుప్పట్లు ఆరేసుకుంటన్నారనుకున్నామమ్మా," అని ఉలి తీశాడు. పొద్దు వాలేసరికి ఎనిమిది తలుపులూ తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆదివారం పైడితల్లి తండ్రి వచ్చి, ఒక గదిలోకి వెళ్లి, లోపలి నుంచి గడియ పెట్టుకుని, తీసుకుని, బయటికి వచ్చి, సర్ది ఉంచిన కూతురి పెట్టెను తిరిగి మంచం కింద పెట్టి వెళ్లిపోయాడు.

పదిహేను రోజులకు సుభాషిణి బల్ల మీదికి మెమో వచ్చింది.

"తంగేడువలస వసతి గృహమును తనిఖీ చేయగా, ఎనిమిది తలుపులు కదులుచున్నట్లు గుర్తించడమైనది. కొన్ని తెరుచుకొని ఉండగా, మరికొన్ని మూసుకొని ఉన్నవి. ఒకే తలుపు ఒక పర్యాయము తెరుచుకొని, మరియొక పర్యాయము మూసుకొని ఉండుటయు గమనింపబడినది. ఇది ఆమోదిత చిత్రమునకు పూర్తిగా విరుద్ధము. తలుపులను యథాస్థితిలో ఏల బిగింపరాదో, ఇందుకు బాధ్యులపై చర్య ఏల తీసికొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

చక్రధరరావుగారు ఆమెను పిలిపించారు. "ఏమిటండీ ఇది? కమిషనరు గారి దాకా వెళ్లింది. ఒక్క మేకు దెబ్బతో పోయేదానికి ఎందుకొచ్చిన గొడవ? రిటైరవడానికి ఏడాదుంది మీకు."

"సంజాయిషీ రాసి తెచ్చాను సార్," అని సుభాషిణి కాగితం అందించింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆమె అంత చిన్న కాగితం రాయలేదు. అందులో నిషేధ పదం ఒక్కటీ లేదు.

"ఆమోదిత చిత్రంలో ఎనిమిది తలుపులూ మూసి ఉన్న మాట వాస్తవం. ఆ సమయంలో లోపల ఎనిమిది మంది బాలికలు స్నానం చేస్తున్నారు."

చక్రధరరావుగారు చదివారు. మళ్లీ చదివారు. బొమ్మ తెప్పించి, మూసిన తలుపుల వంక చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నారు. బొమ్మను బోర్లా పెట్టారు.

"తనిఖీ వాళ్లకి ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లేదూ," అని గొణిగి, ఆకుపచ్చ కలం తీశారు. "సమ్మతమైనది. స్నానానంతరము తలుపులు తెరుచుకొనుట సహజము. బాలికలు లోపల ఉండు సమయమున తనిఖీ బృందము ఆ పరిసరములకు వెళ్లరాదు."

మేకులు మళ్లీ పడలేదు. ఆ ఏడాది శాఖ నిర్వహించిన పోటీలో జిల్లా కార్యాలయానికి ఉత్తమ పదాల ఎంపికకు ప్రథమ బహుమతి వచ్చింది, తలుపుల చిత్రానికే. 'బహుమతి పొందిన' అన్న మాటను చేర్పు పదాల పట్టికలో పెట్టిన దూరదృష్టికి ఇదే నిదర్శనమని శశిభూషణ్ సభలో చెప్పాడు. శాలువా చక్రధరరావుగారు కప్పుకున్నారు. తంగేడువలస ప్రహరీ అవతల మేడ ఇంకో అంతస్తు లేచింది. పడక హాలు కప్పు ఆ వానాకాలం ఎప్పటిలాగే కారింది. కారుతున్నదని రాయడానికి ఆమోదిత పదం ఇంకా రాలేదు.

పరీక్షలకు ముందు సుభాషిణి మరోసారి ఆ ఊరు వెళ్లింది. పొద్దున్న ఏడు గంటలు. వరండా చివర చాప మీద పైడితల్లి లెక్కల పుస్తకం ముందేసుకుని పెన్సిలు కొరుకుతూ కూర్చుంది, తల ఎత్తలేదు. వెనక ఎక్కడో గడియ పడిన చప్పుడు, నీళ్ల చప్పుడు, ఎవరో పాడుతున్న చప్పుడు. నల్లబల్ల మీద తేదీ, హాజరు, వంటకం రాసి ఉన్నాయి. ఆ కింద శీర్షికను ఎవరూ చెరపలేదు. దాని ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది.

ఈ రోజు తలుపులు: చెక్కవి.